అన్ని సందులున్న కందకం ఎందుకు తవ్వారు?

కోట అనుకుందామంటే గోడకి అన్ని సందులు ఎందుకు వదిలారు? గుడి అనుకుందామంటే గుమ్మం దగ్గర అన్ని బాణపు ములుకులు ఎందుకు దొరికాయి? పోనీ పశువుల దొడ్డే అనుకుంటే కందకంలో మూడేళ్ల బిడ్డ ఎందుకుంది? దక్షిణ ఇంగ్లండులో సుమారు 5,700 ఏళ్ల కిందట తవ్విన మట్టి ఆవరణల గురించి వందేళ్లుగా నడుస్తున్న గొడవంతా ఈ మూడు ప్రశ్నల్లో ఉంది. ఈ గొడవలో నాకూ ఒక పక్షం ఉంది. నేను ఆర్కియాలజిస్టుని కాదు. సివిల్ ఇంజనీర్ని. ఉద్యోగం మొదట్లో పాలమూరు వైపు కాలువ పనుల్లో మట్టి కొలతలు రాసుకున్నవాణ్ణి, ఇప్పుడు బ్రిటన్‌లో డ్రైనేజీ డిజైన్లు చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అందుకే నా వాదన ఎముకల దగ్గర కాక గుంత దగ్గర మొదలవుతుంది.

విషయం కొత్త అయినవాళ్ల కోసం కొంచెం చెప్తాను. విల్ట్‌షైర్‌లో ఏవ్‌బరీ ఊరికి వాయవ్యంగా విండ్‌మిల్ హిల్ అని ఒక గుట్ట ఉంది. గుట్ట అన్నాను గానీ మన వైపు గుట్టలు చూసిన కళ్లకి అది మిట్టే. దాని మీద ఒకదానిలో ఒకటిగా మూడు కందకాల చుట్లు, బయటి చుట్టు అడ్డంగా దాదాపు 360 మీటర్లు. కింద అంతా తెల్లటి సుద్ద నేల. తవ్విన సుద్దని కందకానికి లోపలి పక్కన కట్టగా పోశారు. ఇంతవరకు వింతేమీ లేదు, వింత ఏమిటంటే ఆ కందకం ఏకధాటిగా సాగదు. కొంత దూరం తవ్వి ఆపేస్తారు, కాస్త నేల అలాగే వదిలేస్తారు, మళ్లీ ఇంకో గుంత మొదలుపెడతారు. అలా చుట్టూ తిరిగి వచ్చేసరికి అది కందకం కన్నా వరసగా తవ్విన పొడవాటి గుంతల దండలా తయారవుతుంది. ఇలాంటి ఆవరణలు బ్రిటన్‌లో 70కి పైగా తెలుసు, చాలావాటిని విమానం నుంచి తీసిన ఫొటోల్లో పైరు రంగు తేడాని బట్టి కనిపెట్టారు.

మా బావ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. గొర్రెలు మేస్తున్న గడ్డిలో ఆ పల్లం పక్కన నిలబడి, "ఏంది బామ్మర్దీ, గీ గుంత చూపియ్యనీకా ఇంత దూరం తోలుకొచ్చినవ్?" అన్నాడు. గుంత కాదు బావా, గుంతకీ గుంతకీ మధ్య వదిలేసిన నేల చూడు అన్నాను. ఆయన చూసి, ఇంకొంచెం చూసి, "పని ఆగిపోయిందేమో, బిల్లులు రాలేదేమో" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, మొదట్లో ఆర్కియాలజిస్టులు కూడా ఇంచుమించు అదే అనుకున్నారు, పని సగంలో ఆగిందనో, గట్టు విరిగిందనో. 1908-09లో నాప్ హిల్ అనే పక్క గుట్ట మీద తవ్విన మాడ్ కన్నింగ్టన్ ఆ సందులు కావాలని వదిలినవేనని తేల్చేసరికి అసలు చిక్కు మొదలైంది. శత్రువుని ఆపడానికి కందకం తవ్వేవాడు అన్ని చోట్ల దారి వదిలిపెడతాడా?

విండ్‌మిల్ హిల్ మనకి దక్కడం వెనక ఒక చిన్న కథ ఉంది. 1920ల్లో దాని మీద మార్కోనీ కంపెనీ వైర్‌లెస్ స్టేషన్ కడదామనుకుంది. నారింజ మార్మలేడ్ వ్యాపారంలో బాగా గడించిన డండీ కుటుంబపు వారసుడు అలెగ్జాండర్ కీలర్ ఆ గుట్టనే కొనేసి, 1925 నుంచి 1929 దాకా తవ్వించాడు. ఆ బిడ్డ అస్థిపంజరం 1929లో అక్కడి కందకంలోనే దొరికింది. ఏవ్‌బరీ మ్యూజియంలో చార్లీ అని పిలుస్తారు. 2006లో, పాత బ్రిటన్ మతాన్ని పాటిస్తామనే డ్రూయిడ్ల సంఘమొకటి ఆ బిడ్డని తిరిగి మట్టిలో పెట్టమని అడిగింది, నాలుగేళ్లు ఆలోచించి అధికారులు కుదరదన్నారు. ఆ తీర్పు సరైందే అనుకుంటాను గానీ అద్దాల పెట్టె ముందు నిలబడినప్పుడు అంత ధైర్యంగా అనలేను. సరే, పక్కదారి పట్టాను.

కీలర్ కాలంలో ఇవి ఊళ్లు అనుకున్నారు, జనం కందకాల్లోనే కాపురం ఉన్నారని కూడా రాశారు. వానాకాలంలో ఆ సుద్ద గుంతలో ఒక్క రాత్రి పడుకుంటే తెలిసేది. 1954లో స్టూవర్ట్ పిగట్ పశువుల సంగతి ఎత్తాడు. ఎముకల్లో ఆవులూ ఎద్దులూ అంత ఎక్కువగా ఉన్నాయి కాబట్టి చలికాలం ముందు మందల్ని ఇక్కడికి తోలుకొచ్చి, మేపలేనివాటిని కోసుకునేవారని. 1965లో కీలర్ తవ్వకాల రికార్డులన్నీ ముందేసుకుని ఇసోబెల్ స్మిత్ అసలు మాట చెప్పింది. ఇది ఊరూ కాదు, కోటా కాదు, చెదిరిమదిరి బతికే జనం ఏడాదిలో ఎప్పుడో ఒకసారి చేరే చోటు, విందు అయ్యాక మిగిలినవాటిని కావాలనే కందకంలో పూడ్చారు అని. ఎనిమిదేళ్ల తర్వాత కాలిన్ రెన్‌ఫ్రూ లెక్కల్లోకి దిగి, ఇలాంటి ఒక ఆవరణకి లక్ష పనిగంటల స్థాయి శ్రమ పట్టి ఉంటుందనీ, ఇంత పని జరగాలంటే పైన ఎవరో నాయకుడుండాలనీ, ఒక్కో ఆవరణ ఒక్కో ఇలాకాకి కేంద్రమనీ అన్నాడు.

ఈ నాయకుడి మాట దగ్గరే నాకు పడదు.

ఎందుకో చెప్పాలంటే తవ్వకం పని గురించి కాస్త చెప్పాలి. వాళ్ల దగ్గర ఇనుము లేదు. దుప్పి కొమ్ము గునపం, పశువు జబ్బ ఎముక పార, బుట్టలు, చేతులు. 1960లో ఏవ్‌బరీ దగ్గర్లోనే ఓవర్టన్ డౌన్‌లో కొందరు సుద్ద నేలలో కొత్తగా ఒక కందకమూ కట్టా తయారుచేశారు, కాలక్రమాన అది ఎలా కూలుతుందో 2, 4, 8, 16 ఇలా రెట్టింపు చేసుకుంటూ 128 ఏళ్ల దాకా కోసి చూడాలని. పనిలో పనిగా ఆ పాత పనిముట్లనీ వాడి చూశారు. జబ్బ ఎముక పారగా పెద్దగా పనికిరాలేదు, చేత్తో బుట్టలోకి ఎత్తుకోవడమే నయం. దుప్పి కొమ్ము మాత్రం భేష్. సుద్ద పగుళ్లలోకి కొమ్ము మొనని దిగ్గొట్టి పైకి ఎత్తితే పెళ్ల ఊడొస్తుంది, ఇనుప పనిముట్లు వాడినవాళ్లకీ వీళ్లకీ పనిలో మనం అనుకునేంత తేడా రాలేదు. కందకం మాత్రం మొదటి కొన్ని చలికాలాల్లోనే మంచుకి ఒరుసుకుపోయి పక్కలు జారి అడుగు నిండింది. అంటే అన్నేసి గంటలు చెమటోడ్చి తవ్విన ఆ తెల్లటి నిటారు గోడలు తవ్వినవాళ్ల పిల్లలు పెద్దయ్యేసరికే ఉండవు.

ఇప్పుడు నా సైటు సంగతి. కాలువ పనికి ఊళ్ల నుంచి జట్లు వచ్చేవి. ఒక్కో జట్టుకి గొలుసుతో కొలిచి ఒక్కో ముక్క ఇచ్చేవాళ్లం. జట్టంటే అన్నదమ్ములు, వాళ్ల పెళ్లాలు, ఒక మేనమామ, ఇద్దరు పిల్లలు. ముక్కకీ ముక్కకీ మధ్య మట్టి అడ్డం వదిలేవాళ్లు, కొలతలు అయ్యేదాకా దాన్ని ఎవడూ ముట్టుకోడు, ముట్టుకుంటే తలకాయలు పగులుతాయి. ఏ ముక్క ఎవరిదో చూడగానే చెప్పొచ్చు, ఒక జట్టు అంచులు చాకుతో కోసినట్టు తీస్తుంది, ఇంకోటి పల్లెంలా తవ్వి వదిలేస్తుంది. చివర్లో ఆ అడ్డాలు కొట్టించేవాళ్లం కాబట్టే అది కాలువ అయ్యేది. విండ్‌మిల్ హిల్ ప్లాను మొదటిసారి చూసినప్పుడు నాకు కనపడింది ఆ అడ్డాలు కొట్టని కాలువ. గుంతలు ఒకటి లోతు, ఒకటి లోతు తక్కువ, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, వంపు కూడా ఒకదానితో ఒకటి కలవదు. పైన ఒక్కడు నిలబడి చేయించిన పని ఇలా ఉండదు. నా సైటులో ఇలా తవ్వితే బిల్లు ఆపేసేవాణ్ణి. ఇది జట్లు చేసిన పని. ఎవరి ముక్క వాళ్లది, దాని హద్దు కనపడుతూ ఉండాలనే చేసినది. జట్ల మాట నాకన్నా ముందే ఇక్కడివాళ్లు అన్నదే, నేను కనిపెట్టిందేమీ కాదు. కానీ వాళ్లు దాన్ని పని సౌలభ్యం అన్నట్టు రాస్తారు, నాకది అసలు విషయంలా కనిపిస్తుంది.

జట్లంటే ఎవరు? దీనికి ఈమధ్య మంచి ఆధారం దొరికింది. గ్లౌస్టర్‌షైర్‌లో హేజిల్‌టన్ నార్త్ అనే సమాధి దిబ్బ ఉంది, సరిగ్గా ఈ ఆవరణల కాలానిదే. అందులోని 35 మంది డీఎన్ఏ తీస్తే 27 మంది ఒకే కుటుంబం అని 2022లో తేలింది. ఐదు తరాలు. మూలపురుషుడు ఒకడు, అతనికి నలుగురు స్త్రీల ద్వారా కలిగిన సంతానం. వంశం ఎక్కువగా తండ్రి వైపు నుంచి లెక్క, కానీ తల్లులు వేరైన శాఖల్ని సమాధిలో రెండు వైపులా విడదీసి మరీ పెట్టారు, మారుటి కొడుకుల్ని కూడా కలుపుకున్నారు. ఇది రాజులున్న సమాజంలా లేదు. తాత పేరు మీద, నాయనమ్మ పేరు మీద లెక్కలు గట్టిగా పట్టించుకునే ఇంటివాళ్ల సమాజం. అలాంటి ఇళ్లు పది, ఇరవై కలిసి ఒక చుట్టు తవ్వారు అనుకుంటే ఆ గుంతల దండ అర్థమవుతుంది.

గుంతల్లో ఏం పెట్టారన్నది ఎట్టన్‌లో బాగా తెలుస్తుంది. కేంబ్రిడ్జ్ వైపు చిత్తడి నేలల్లో ఉన్న ఆ ఆవరణని ఫ్రాన్సిస్ ప్రయర్ 1982 నుంచి 1987 దాకా తవ్వాడు. నీళ్లలో నానుతూ ఉండటం వల్ల మిగతాచోట్ల కుళ్లిపోయేవన్నీ అక్కడ మిగిలాయి. చెక్క పేళ్లు, బర్చ్ చెట్టు బెరడు, ఆఖరికి అవిసె నారతో పేనిన తాడు ముక్క కూడా. గుంత చివర, అంటే సరిగ్గా ఆ వదిలేసిన నేల పక్కన, బెరడు పరిచి దాని మీద నిండు కుండ పెట్టారు. ఇంకో చోట తిరగలి రాయి, ఇంకో చోట పశువు ఎముకల కుప్ప. పెట్టారు, మట్టి కప్పారు, మళ్లీ ఎప్పుడో వచ్చి అదే గుంతని తిరగదోడి ఇంకొకటి పెట్టారు. ఏటా కొంత కాలం ఆ నేల నీళ్లలో మునిగేది కాబట్టి కాపురానికి పనికిరాదు. ఏ గుంతలోది ఆ గుంతదే, పక్క గుంతలో పెట్టినదానితో పోలిక లేదు.

దీన్నంతా కలిపి ఆచారం అనేసి ఊరుకోవడం ఇక్కడి పుస్తకాల్లో మామూలు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆచారం కాదని అనను. కానీ ఆచారం అన్నాక ఆలోచన ఆపేస్తారు, అదేదో పొలం, పశువు, పెళ్లి, తగువు ఇవేవీ లేని వేరే లోకం అయినట్టు. మన వైపు ఎవరికైనా ఈ సంగతి చెబితే "ఓ, జాతరన్నమాట" అని ఒక్క మాటలో తేల్చేస్తారు, అది కొంత నయమే, ఎందుకంటే జాతరలో మొక్కూ సంతా సంబంధాలు కుదుర్చుకోవడమూ పాత బాకీలూ అన్నీ ఒకేచోట అని మనకి తెలుసు. అయినా ఆ మాటతో కూడా నేను ఆగలేను. జాతరలో గుమ్మం దగ్గర 400 బాణాలు ఉండవు.

గ్లౌస్టర్‌షైర్‌లోనే క్రిక్లీ హిల్ మీద ఫిలిప్ డిక్సన్ 1969 నుంచి రెండు దశాబ్దాలకు పైగా తవ్వాడు. అక్కడ చివరి దశలో కందకాన్ని సందులు తగ్గించి గట్టిగా తవ్వారు, వెనక కొయ్యల దడి కట్టారు. ఆ దడి కాలిపోయింది. ఆకు ఆకారపు చెకుముకి బాణపు ములుకులు 400కి పైగా దొరికాయి, అవీ ఎక్కడపడితే అక్కడ కాదు, గుమ్మాల దగ్గర గుంపులుగా, అక్కణ్ణుంచి లోపలికి దారి వెంట. బయటి నుంచి గుమ్మం మీదకి బాణాలు కురిశాయని చెప్పడానికి ఆర్కియాలజిస్టు అక్కర్లేదు. కార్న్‌వాల్‌లో కార్న్ బ్రే అనే రాతి గోడల ఆవరణలో 700 దాటి దొరికాయి. డోర్సెట్‌లో హాంబుల్డన్ హిల్ మీద రోజర్ మెర్సర్ తవ్వకాల్లో ఒక కుర్రాడి అస్థిపంజరం ఛాతీలో ములికితో సహా బయటపడింది, పక్కన తగలబడి కూలిన కట్ట. అదే గుట్ట మీద పెద్ద ఆవరణలో కందకం అడుగున కింది దవడ లేని పుర్రెల్ని వరసగా పెట్టారు. విండ్‌మిల్ హిల్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న వెస్ట్ కెన్నెట్ సమాధిలో ఒక ముసలాయన గొంతు దగ్గర ములికి ఉంది. ఆ సమాధీ ఈ ఆవరణా ఇంచుమించు ఒకే కాలంలో మొదలయ్యాయి.

దీంతో రెండు పార్టీలు తయారయ్యాయి. విందు పార్టీ, యుద్ధం పార్టీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలాకాలం విందు పార్టీదే పైచేయి, తొలి రైతులు శాంతమూర్తులు అన్న నమ్మకంతో. 1996లో లారెన్స్ కీలీ అనే అమెరికన్ దాని మీద విరుచుకుపడ్డాడు, ఆయన స్వయంగా బెల్జియంలో తొలి రైతుల దడి కట్టిన ఊళ్లు తవ్వినవాడే. యుద్ధం పార్టీవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. విండ్‌మిల్ హిల్ చుట్లు గుట్ట తల చుట్టూ లేవు. తల పాగా జారినట్టు ఉత్తరం వాలు మీదకి జారి ఉన్నాయి. లోపల జరిగేది ఎదురు మిట్ట మీద నిలబడ్డవాడికి కనపడుతుంది. కోట కట్టేవాడు ఇలా కట్టడు. కనపడాలని కట్టేవాడు కడతాడు.

తేదీలు తెలిసేదాకా ఈ తగువు తెగలేదు. 2011లో అలస్డేర్ విటిల్, ఫ్రాన్సెస్ హీలీ, అలెక్స్ బేలిస్ ముగ్గురూ కలిసి సుమారు 40 ఆవరణల రేడియోకార్బన్ తేదీల్ని, అంటే ఎముకల్లాంటివాటిలో మిగిలిన కార్బన్‌ని బట్టి కట్టే వయసుల్ని, గణాంక పద్ధతుల్లో కొత్తగా బిగించి కట్టారు. పాత పద్ధతిలో ఏ గుంత తేదీ అయినా రెండు మూడు వందల ఏళ్ల అటూ ఇటూ ఊగేది, వీళ్ల పద్ధతిలో ఒక్కోసారి ఒకట్రెండు తరాల దాకా దిగింది. దాంతో బయటపడ్డ సంగతులు నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అతి ముఖ్యమైనవి. బ్రిటన్‌కి వ్యవసాయం క్రీ.పూ. 4000కి కాస్త ముందు వచ్చింది. ఆవరణలు మాత్రం మూడు వందల ఏళ్లకి గానీ మొదలవలేదు, మొదలయ్యాక ఆగ్నేయం నుంచి పడమటికి గబగబా పాకాయి, ఎక్కువ భాగం క్రీ.పూ. 3700 - 3600 మధ్యనే లేచాయి. కొన్ని ఒక తరంలోనే మూతపడ్డాయి, హాంబుల్డన్ లాంటివి కొన్ని మూడు శతాబ్దాలు నడిచాయి. విండ్‌మిల్ హిల్ మూడు చుట్లూ కొన్ని దశాబ్దాల తేడాలో, ముందు లోపలిది, తర్వాత బయటిది, చివర్న మధ్యది.

అంటే ఇది కొత్త నేలకి వచ్చినవాళ్లు భయంతో కట్టుకున్న కోట కాదు. వచ్చి పది, పన్నెండు తరాలు గడిచాక, జనం పెరిగి, మందలు పెరిగి, పక్కింటివాడి మేత నేల తన మేత నేలకి తగిలాక పుట్టిన వస్తువు. అప్పటికి సంపదంటే పశువులే. విండ్‌మిల్ హిల్, హాంబుల్డన్ కుండల్లో ఇంకిన కొవ్వు పరీక్షిస్తే పాల కొవ్వు దొరికింది. టోనీ లెగ్ అంతకు ముందే హాంబుల్డన్ ఎముకల వయసులూ ఆడామగా లెక్కలూ చూసి వాళ్లు పాడి పశువుల్ని పెంచారనీ, ఆవరణకి తోలుకొచ్చినవి మందలో మిగులు జీవాలనీ వాదించాడు. పాడి ఆవు కాళ్లున్న ఆస్తి. ధాన్యం దొంగిలించాలంటే మోయాలి, ఆవుని తోలుకుపోతే చాలు.

నా పక్షం ఇదీ. విందూ యుద్ధమూ ఒకదానికొకటి పోటీ వివరణలు కావు, రెండూ ఒకే కారణం నుంచి వచ్చాయి. ఒకరినొకరు పూర్తిగా నమ్మని ఇంటివాళ్లు పశువుల్ని వెంటబెట్టుకుని ఒకచోట చేరాలి, ఎందుకంటే పిల్లనివ్వాలి, పిల్లని తెచ్చుకోవాలి, ఎద్దు కావాలి, గొడ్డలి రాయి కావాలి. విండ్‌మిల్ హిల్‌లో కార్న్‌వాల్ కొస నుంచి వచ్చిన మట్టి కుండలూ, ఉత్తరాన కంబ్రియా కొండల నుంచి వచ్చిన రాతి గొడ్డళ్లూ దొరికాయి, వందల కిలోమీటర్లు. అలా చేరేముందు ఒక ఒప్పందం కావాలి. రాత లేదు, సంతకం లేదు, పైన రాజు లేడు. ఆ ఒప్పందమే కందకం. నీ ముక్క నువ్వు తవ్వావు, నా ముక్క నేను తవ్వాను, మీ ఇంటి కుండ నీ గుంతలో ఉంది, నా బిడ్డ ఎముకలు నా గుంతలో ఉన్నాయి, ఈ చుట్టు లోపల మాట తప్పితే పరువు పోయేది ఎవరిదో అందరికీ తెలుసు. సుద్ద జారి గుంత పూడిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వచ్చి తవ్వాలి. అలా తిరగదోడటాన్ని మరమ్మతు అంటే ఒప్పుకోను. మరమ్మతు అయితే పూర్తిగా తీసేసి మొదటి ఆకారం తెచ్చేవాళ్లు, వీళ్లు చాలాచోట్ల పైపైన గీసి, ఏదో పెట్టి, మూసేశారు. లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నట్టుంది గానీ గోడ బాగుచేసినట్టు లేదు.

మరి బాణాలో? పోగుచేసిన పశువులున్న చోటికే దొంగ వస్తాడు. ఒప్పందంలో చేరనివాడో, చేరి బయటికి నెట్టబడ్డవాడో వస్తాడు. క్రిక్లీలో సందులున్న తొలి కందకం మీద దాడి జరిగిన ఆనవాళ్లు లేవు. సందులు మూసి, దడి కట్టి, తలుపు పెట్టిన తర్వాతి దశలోనే బాణాలు. నమ్మకం ఉన్నంతకాలం సందులున్నాయి, అది పోయాక గోడ వచ్చింది, గోడ వచ్చాక కూడా ఆపలేకపోయింది. దీన్ని నా వాదనకి అతి పెద్ద ఆధారంగా చూస్తాను. క్రీ.పూ. 3500 దాటాక ఈ ఆవరణలు కట్టడం సన్నగిల్లింది, అప్పటికి జనాభా కూడా తగ్గుముఖం పట్టింది, వాటి బదులు కిలోమీటర్ల పొడవున రెండు గట్ల మధ్య బాటల్లాంటి కట్టడాలు మొదలయ్యాయి. అవి వేరే కథ.

నా వాదన అన్నిచోట్లా పనిచేస్తుందని అనను. యూరప్ ఖండంలో ఇంకా ముందువి ఉన్నాయి. జర్మనీలో గోసెక్ అనే వలయం క్రీ.పూ. 4900 ప్రాంతానిది, దక్షిణపు గుమ్మాలు రెండూ డిసెంబరు అయనాంతం నాటి సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ ఎదురుగా ఉన్నాయి. అక్కడ గుంతల దండ లేదు, గీసినట్టు ఒక్క గుండ్రటి కందకం. అది ఎవరో లెక్క తెలిసినవాడు నిలబడి చేయించిందే, అక్కడ నా జట్లు పనికిరావు. ఆస్ట్రియాలో ష్లెట్జ్ ఆవరణ కందకం అడుగున కనీసం 67 మంది శవాలు, చంపి పడేసినవి. అక్కడ విందు పార్టీకి మాటే లేదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది మాత్రం జర్మనీలోనే ఉన్న హెర్క్స్‌హైమ్. క్రీ.పూ. 5000 ప్రాంతంలో పొడవాటి గుంతల వరస, దూర ప్రాంతాల శైలి కుండలు, పగలగొట్టిన తిరగళ్లు, అంతా నా చిట్టాకి సరిపోతుంది. వాటితోపాటు కనీసం 500 మంది ముక్కలు చేసిన ఎముకలు, చిప్పల్లా చెక్కిన పుర్రె పైభాగాలు. మనుషుల్ని తిన్నారని 2009లో ఒక ఫ్రెంచి బృందం రాసింది, అందరూ ఒప్పుకోలేదు. గుంతల దండ ఉన్నంతమాత్రాన లోపల మంచి జరిగిందని అర్థం కాదని అది నాకు గుర్తుచేస్తూ ఉంటుంది.

ఇంత దూరం వచ్చాక పాలమూరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఊరుంది, ఆదిలాబాదు ఉట్నూరు కాదు. అక్కడి బూడిద దిబ్బని రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వాడు. పిగట్ పశువుల వాదనకి మూడేళ్ల తర్వాత. అలాంటి దిబ్బలు మన పాలమూరు, కర్నూలు, అనంతపురం నుంచి కర్ణాటకలో రాయచూరు, బళ్లారి దాకా వందకి పైగా ఉన్నాయి, అనంతపురం జిల్లాలో పాలవాయి వాటిలో ఒకటి. జనం వాటిని రాక్షసుల చితాభస్మం అన్నారు, హంపీ దగ్గర నింబాపురం దిబ్బ వాలిని కాల్చిన చోటట. 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఇది కాలిన పేడ అని చెప్పాడు, 1960లో జాయ్‌నర్ బళ్లారి దగ్గరి కుడితిని దిబ్బ బూడిదని ప్రయోగశాలలో పరీక్షించి అవునన్నాడు. ఉట్నూరులో ఆల్చిన్‌కి దొరికింది ఇంకా బాగుంది. తాటి మొద్దులు పాతి కట్టిన దడి గుంతలు, వాటి లోపల పొర మీద పొరగా బూడిద, బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు. గిట్ట దిగిన చోట రెండు చీలికల అచ్చు, నాలుగు వేల ఏళ్లకు పైబడినది. దడి కట్టారు, మంద తోలారు, పేడ పేరుకుంది, కాల్చారు, మళ్లీ కట్టారు.

ఎందుకు కాల్చారు అన్నదానికి ఆల్చిన్ పండగ మంటలతో ముడిపెట్టాడు, పశువులు మేతకి కదిలే రుతువుల్లో. ఆ తర్వాత కర్ణాటకలో బుదిహాల్ తవ్విన కె. పద్దయ్య దిబ్బ పక్కనే ఇళ్లనీ, పశువుల్ని కోసిన నేలనీ బయటపెట్టి, ఇవి మనుషులుండే ఊళ్లే, దొడ్డి ఊరిలో భాగమే అన్నాడు. 2004లో పీటర్ జొహాన్‌సెన్ దిబ్బ పెరగడమే దాని ప్రయోజనం, అది దూరానికి కనపడే గుర్తు అని వాదించాడు. దొడ్డా గుడా అన్న ఇంగ్లండు తగువే ఇక్కడ బూడిదలో నడిచింది. రెండుచోట్లా మనుషులు వేరు, కాలం వేరు, ఒకరి గురించి ఒకరికి తెలిసే వీల్లేదు. పశువులే ఆస్తి అయినచోట దాన్ని చుట్టుముట్టి నిలబెట్టుకోవడానికి మనిషి చేసే పని మటుకు దగ్గరదగ్గరగా ఉంది. తేడా కూడా పెద్దదే. ఉట్నూరు దడికి సందులు లేవు, ముక్కలు లేవు. జట్ల గుర్తు నాకక్కడ కనపడదు.

వాదన అన్నాక అది ఓడిపోవాలంటే ఏం దొరకాలో కూడా చెప్పాలి. ఆవు పంటిలో ఉండే స్ట్రాన్షియం అనే మూలకం ఆ ఆవు దూడగా ఎక్కడి గడ్డి తిన్నదో చెప్తుంది, ఆ నేల రాయిని బట్టి. ఒక ఆవరణలో వేరువేరు గుంతల పళ్లు తీసి చూసినప్పుడు గుంతకొక మేత నేల బయటపడాలి, కనీసం ఆ వైపు మొగ్గు కనపడాలి. అన్ని గుంతల్లోనూ అన్నిచోట్ల పశువులూ కలగాపులగంగా ఉంటే గుంత ఒక ఇంటిదన్న నా మాట పోతుంది, రెన్‌ఫ్రూ నాయకుడు వెనక్కి రావచ్చు. అదే పరీక్ష బుదిహాల్ కోత నేల మీది పళ్లకి చేసి, మంద అంతా ఒకే మేతదని తేలితే అది ఊరి దొడ్డే అన్న పద్దయ్య మాటకి బలం, నాలుగైదు మేతలవైతే ఊళ్లు కలిసి కోసుకున్న విందు. నన్నడిగితే విండ్‌మిల్ హిల్‌లో గుంతకొక మేత, బుదిహాల్‌లో ఒకటే మేత వస్తాయని పందెం కాస్తాను. మా బావ మాత్రం రెండుచోట్లా బిల్లులు రాకే పని ఆగిందంటున్నాడు.